జీపు తిప్పుకునే తావు

మొన్న నంద్యాలలో ఒక పెళ్ళికి పోయి ఆళ్లగడ్డకు తిరిగి వస్తూ, రోడ్డు పక్కన కొత్తగా పెట్టిన హోటలు దగ్గర టీకి ఆగాం. హోటలు ముందర సిమెంటు దిమ్మె కట్టి దాని మీద ఒక పాత జీపును నిలబెట్టారు. ఎర్ర రంగు పూశారు. జనం ఎక్కి ఫోటోలు దిగుతున్నారు. మా కూతురి కొడుకు కూడా ఎక్కి కూర్చుని, "అవ్వా, ఇది అసలు సిసలు మిలిటరీ జీపు. ఇప్పుడొచ్చే బండ్లన్నీ దీన్ని చూసి చేసినవే" అని మొదలుపెట్టాడు. వాడికి బండ్ల పిచ్చి. వాడు చెప్పేది నా చెవికి ఎక్కలేదు. స్టీరింగు ఎటువైపు ఉందా అని చూస్తున్నాను. ఎడమవైపే ఉంది.

అది ఆమె జీపే అని నేను అనను. అట్లాంటివి దేశంలో ఎన్ని తిరిగాయో. అయినా దగ్గరికి పోయి బానెట్ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాను. టీ చల్లారిపోయింది.

ఆమె పేరు నాకు తెలుసు. కానీ మా చుట్టుపక్కల ఆ పేరుతో ఆమెను పిలిచినవాళ్ళు లేరు. నర్సమ్మ అంటే ఆమే. ఇక్కడా అలాగే అంటాను.

కర్నూలు రాజధాని అయిన ఏడు నేను పెళ్ళై ఆళ్లగడ్డ అవతల ఉన్న మా అత్తగారి ఊరికి వచ్చాను. నర్సమ్మ జీపు మా వైపు రావడం మొదలైంది కూడా అప్పుడే. ఆమె నంద్యాలలో ఒక మిషన్ ఆసుపత్రిలో పనిచేసేది. వారానికొకసారి, సంత రోజున, ఆళ్లగడ్డ చుట్టూ ఉన్న పల్లెలకు వచ్చి కడుపుతో ఉన్నవాళ్ళను చూసి, మందులిచ్చి, కష్టమైన కేసులు ఉంటే జీపులో ఎక్కించుకుని పోయేది. డ్రైవరు లేడు. తనే తోలేది.

ఆ జీపు కథ ఆమె చెప్పగా విన్నదే. యుద్ధం అయిపోయాక అమెరికా సైన్యం తన బండ్లను మళ్ళీ ఓడలకెక్కించడం దండగని ఇక్కడే వదిలేసి పోయిందట. వాటిని మద్రాసులో వేలం వేస్తే, ఆసుపత్రి దొర ఒకటి పాడుకుని తెచ్చాడు. వాళ్ళ దేశంలో రోడ్డుకు కుడిపక్కన పోతారు కాబట్టి స్టీరింగు ఎడమవైపు. మన దగ్గర అన్నీ తిరకాసు. పచ్చ రంగు గీరుకుపోయిన చోట బానెట్ మీద పెద్ద తెల్ల చుక్క అంచు కనపడేది. అది సైన్యం వేసుకున్న గుర్తు. మా ఊరివాళ్ళు మాత్రం క్రిస్మస్‌కు చర్చి ముందు కట్టే చుక్కే ఇది అనుకున్నారు. నర్సమ్మ ఆ మాటను దిద్దే ప్రయత్నం చేయలేదు.

మా ఊరికి కారు రాదు. మాది రేగడి నేల. వాన పడిందంటే దిగబడిన కాలు పైకి వస్తుంది గాని చెప్పు రాదు. ఆ నేల మీద ఆ జీపు పోతుంటే చూడడానికి ముసలివాళ్ళు కూడా అరుగుల మీద నుంచి లేచేవాళ్ళు. అందమైన బండేం కాదు. తలుపుల్లేవు. రేకు డబ్బాకు చక్రాలు బిగించినట్టు ఉండేది. పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే. ఎంత మిగిలిందో చూడాలంటే నర్సమ్మ దిగి, సీటు ఎత్తి, కట్టెపుల్ల ముంచి చూసేది. గేరు కర్ర పక్కన ఇంకా రెండు చిన్న కర్రలుండేవి. ఒకటి నెడితే ముందు చక్రాలకు కూడా బలం వస్తుంది. రెండోది వేస్తే మనిషి నడక కన్నా మెల్లగా, కానీ మొండిగా గుంజుకుంటూ పోతుంది. తర్వాత బ్లాకు ఆఫీసులకు బొంబాయిలో బిగించిన కొత్త జీపులు వచ్చాయి. వాటికి స్టీరింగు కుడివైపే. కానీ వాటిలో ఆఫీసర్లు తిరిగేవాళ్ళు, వాటిని చూసి అరుగు మీంచి లేచేది భయంతో. నర్సమ్మ జీపు మా ఊరి బండి.

ఆమె పొట్టి మనిషి. సీటు మీద గోనెపట్టా మడిచి వేసుకుంటే గాని ముందరి దారి కనపడేది కాదు. తెల్ల చీర, పైట నడుముకు దోపి, కాళ్ళకు మగవాళ్ళ బూట్లు. తక్కువ మాట్లాడేది. ఎవరైనా వచ్చి ఇలా జరిగింది, అలా జరిగింది అని ఏకరువు పెడితే, చెయ్యి అడ్డం పెట్టి, "అయింది గదా. ఇప్పుడేం జేస్తాం, అది జెప్పు" అనేది. ఆ మాట మా ఊళ్ళో ఆడవాళ్ళందరికీ పట్టుకుంది. కూర మాడినా అదే మాట, గేదె తప్పిపోయినా అదే మాట.

వాగు దాటేముందు ఆమె చేసే పని ఒకటుంది. జీపు ఆపి, బానెట్ ఎత్తి, ఫ్యాను తిప్పే రబ్బరు బెల్టు ఊడదీసి మెడలో వేసుకునేది. ఫ్యాను తిరిగితే నీళ్ళు ఇంజను మీద చిమ్మి బండి ఆగిపోతుందట. ఆ నల్ల దండ మెడలో వేసుకుని, బూట్లు సీటు మీదికి ఎత్తుకోకుండా నీళ్ళలోనే ఉంచి, కన్నార్పకుండా అవతలి గట్టును చూస్తూ పోయేది. దాటగానే దిగి మళ్ళీ బెల్టు తగిలించేది. తెల్ల చీర మెడ దగ్గర ఎప్పుడూ నల్లగా ఉండేది.

ముందర సీటు గురించి ఆమెకు ఒక పట్టు ఉండేది. వెనక కూర్చుంటే కుదుపుకు పేగులు కదులుతాయి కాబట్టి ముందర సీటు నొప్పి ఎక్కువున్నవాళ్ళది. రోగిని కూర్చోబెట్టి, తలుపు లేదు కాబట్టి పాత చీరతో సీటుకు కట్టేది. ఒకసారి మా ఊరి కరణం నంద్యాలలో పనుందని పోయి ముందర సీట్లో కూర్చున్నాడు. ఆ రోజు ఊరి బయట గేరిలో ఉండే ఒక కూలి మనిషి బండిచక్రం కింద పడి కాలు విరగ్గొట్టుకున్నాడు.

"దిగప్పా" అంది నర్సమ్మ. "ఆ సీటు నొప్పున్నోళ్ళది."

"నాకూ నొప్పేనమ్మా, నడుము" అన్నాడు కరణం.

"యాడ? చూపీ. సూదేస్తా."

కరణం దిగి వెనక్కి పోయాడు. కూలి మనిషి ముందర, కరణం వెనక, నంద్యాల దాకా అట్లే పోయారు. కరణం ఆ తర్వాత బస్సుకే పోయేవాడు.

ఇన్ని తెలిసిన మనిషి, జీపును వెనక్కి నడపగా మాత్రం మేమెవరం చూడలేదు. ఎంత ఇరుకు సందులోకి పోయినా ముందుకే పోయి, ఎక్కడో చుట్టు తిరిగి వచ్చేది. చుట్టు లేకపోతే కళ్ళంలోంచో, చేన్లోంచో తిప్పుకునేది. అది ఆమె పొగరు అనుకున్నాం.

మా మామకు, అంటే మా ఇంటాయన నాయనకు, ఆమెతో చెడింది అక్కడే. మెయిన్ రోడ్డు నుంచి ఊళ్ళోకి, మా ఇంటి దాకా ఉన్న ఒక్క రస్తా పల్లంలో ఉంటుంది. రెండు పక్కలా మనిషెత్తు గట్లు. బండి తిప్పాలంటే మేం ఎద్దులను విప్పి, కాడి ఎత్తి పట్టుకుని చేత్తో తిప్పుతాం. జీపును అట్లా తిప్పలేం కదా. మా ఇంటి ఎదురుగా ఒక్క చోట గట్టు లేదు. అక్కడ మా జొన్న చేను. మామకు ఆ చేనంటే ప్రాణం. నర్సమ్మ మొదటిసారి మా ఇంటి దాకా వచ్చినప్పుడు, మోకాలెత్తు జొన్నలో అర్ధచంద్రంలా ఒక చుట్టు చుట్టి బయటికి వచ్చింది.

"ఏం పనమ్మా ఇది? ఎనక్కి పోగూడదా?" అన్నాడు మామ.

"బండి తిరగల్ల గదప్పా" అని, మొహం తిప్పకుండా వెళ్ళిపోయింది.

మళ్ళీ వారం మళ్ళీ అంతే. మూడో వారానికి మామ తుమ్మకంప కొట్టించి చేనికి అడ్డంగా వేయించాడు. దాన్ని చూశాక నర్సమ్మ రస్తాలోకి రావడం మానేసింది. మెయిన్ రోడ్డు మీదే ఆపి, పొడుగ్గా హారను కొట్టేది. నడవగలిగినవాళ్ళు నడిచి పోయేవాళ్ళు. లేనివాళ్ళను మంచం మీద మోసుకుపోయేవాళ్ళు. ఊరివాళ్ళు లోపల లోపల గొణుక్కున్నా, మామ మొహాన అనే ధైర్యం ఎవరికీ లేదు.

నాకు ఈ కంప ఎందుకు ముఖ్యమంటే, అంతకు ముందు ఏడు, జీపు సంగతి మాకింకా సరిగా తెలియనప్పుడు, నా మొదటి కాన్పు ఎద్దులబండిలో అయింది. నొప్పులు ఎక్కువై నంద్యాలకు బయలుదేరితే, ముసురులో ఎద్దులు మోకాళ్ళ మీద కూలబడ్డాయి. బిడ్డ బండిలోనే పుట్టింది. ఏడవలేదు. ఆ బండి కిర్రుమన్న చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. మళ్ళీ నెల తప్పినప్పుడు నాకు సంతోషం కలగలేదు, భయమే వేసింది. లెక్క వేసుకుంటే ఈసారి కూడా దీపావళి ముందటి ముసురులోనే పడుతుంది. ఆ బురదలో మా ఇంటి దాకా రాగలిగింది ఒక్క జీపే. దానికి అడ్డం మా సొంత కంపే.

మా ఇంటాయన వాళ్ళ నాయనను అడిగాడు.

"ఆయమ్మ వచ్చి అడగనీ. తీస్తా" అన్నాడు మామ.

నేను పరీక్షకు రోడ్డు దాకా నడిచి పోయినప్పుడు నర్సమ్మతో ఈ మాట చెప్పాను. "మా మామను ఒక్క మాట అడుగమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటా."

ఆమె నా చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ, "నేనడగను పాపా" అంది. "అడిగితే ఎందుకని అడుగుతాడు."

అదేమిటో నాకు అర్థం కాలేదు. ఇద్దరి బింకం మధ్య నా కడుపు పెరుగుతోంది. ఇద్దరి మీదా కోపం వచ్చేది. మామ మీద కంటే ఆమె మీదే ఎక్కువ వచ్చేది.

అనుకున్నట్టే ముసురు పట్టింది. నొప్పులు పొద్దున్నే మొదలయ్యాయి. నా అదృష్టం, అది సంత రోజు. రోడ్డు మీద హారను వినపడింది. నన్ను మంచం మీద పడుకోబెట్టి నలుగురు ఎత్తుకున్నారు. రస్తాలో కొంచెం దూరం పోయేసరికి ఒకాయన మోకాలి దాకా దిగబడి మంచం ఒరిగింది. నేను బురదలో పడబోయి ఆగాను. మళ్ళీ ఇంటికే తెచ్చారు. మా ఇంటాయన రోడ్డు దాకా పరిగెత్తాడు.

కాసేపటికి జీపు చప్పుడు దగ్గరికి రావడం విన్నాను. ఊరు ఊరంతా వానలో బయటికి వచ్చింది. లోపలికి వస్తే మళ్ళీ బయటికి పోయే దారి లేదని తెలిసీ నర్సమ్మ రస్తాలోకి వచ్చేసింది. బూట్లతోనే ఇంట్లోకి వచ్చి నన్ను చూసి, "బిడ్డ అడ్డం తిరిగుండాది. ఈడ అయ్యేది కాదు. నంద్యాలకు పోవల్ల, బేగా" అంది. నన్ను మోసి ముందర సీట్లో కూర్చోబెట్టారు. పాత చీరతో సీటుకు కట్టింది. ఎక్కి ఇంజను వేసింది. ఎదురుగా తుమ్మకంప. అరుగు మీద మామ.

"కంప తియ్యప్పా" అంది.

మామ కదల్లేదు. "వాగు నీళ్ళల్లో పోయే బండి, ఎనక్కి పోదా?" అన్నాడు. ఆ మాట ఆయన ఎన్నాళ్ళ నుంచో దాచుకున్నాడు. ఆ సమయంలో అనవలసింది కాదు. నేను పంటిబిగువున మూలుగుతున్నాను.

"బండి పోతాది" అంది నర్సమ్మ. "నాకే రాదు."

ఆమె స్టీరింగు వైపే చూస్తూ చెప్పింది. "నేర్పిన దొర ముందుకు పోయేది నేర్పినాడు. ఎనక్కి నేర్పేలోపల వాళ్ళ దేశం పోయినాడు. ఒకసారి నా అంతట నేనే చేసి చూస్తి. ఆసుపత్రి ప్రహరీ పడింది. మళ్ళ ముట్టుకోలే."

"ఇన్నాళ్ళూ అందుకేనా చేన్లో తిప్పింది?"

"అందుకే."

"చెప్పొచ్చు గదమ్మా, ఆ మాట."

"ఆడమనిషి జీపు తోలతాందని నవ్వేటోళ్ళు ఊరూరికీ ఉండారప్పా. ఇది గూడా చెప్పి నవ్వించుకోవల్నా?"

ఊరంతా ఉంది అక్కడ. ఒక్కరు నవ్వినా నా గతి ఏమయ్యేదో. ఎవరూ నవ్వలేదు. మామ ఆమె మొహం వైపు చూశాడు. ఆయన మొహంలో కోపం పోవడం నేను చూశాను. ఇన్నాళ్ళు తనను లెక్కచేయలేదనుకున్న మనిషి, తనకు ఒక పని రాదని ఇంతమందిలో ఒప్పుకుంటోంది.

"సరే, అయింది గదా" అన్నాడు మామ. "ఇప్పుడేం జేస్తాం, అది జెప్పు."

అంటూనే అరుగు దిగాడు. ఆమె చెప్పేదాకా ఆగలేదు. ఒట్టి చేతులతో తుమ్మకంప లాగి పారేశాడు. జీపు చేన్లోకి దిగింది. దున్ని విత్తిన రేగడి, పైగా రోజుల తరబడి వాన. సగం చుట్టు తిరిగేసరికి చక్రాలు ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టాయి. నర్సమ్మ చిన్న కర్రలు రెండూ వేసింది. బండి గుంజుతోంది కానీ పట్టు దొరకడం లేదు.

అప్పుడు మామ ఒంగి, తన జొన్నను వేళ్ళతో సహా చేతికొచ్చినంత పెరికి చక్రాల కింద వేశాడు. మళ్ళీ పెరికాడు. మళ్ళీ వేశాడు. ఆయన్ను చూసి మిగతావాళ్ళూ దిగారు. పచ్చ జొన్న చక్రాల కింద నలిగి, జీపు మెల్లగా పాక్కుంటూ మళ్ళీ రస్తా ఎక్కింది. వెనక్కి తిరిగి చూస్తే, చేన్లో ఒక పెద్ద గుంట. మామ దాని వైపు చూడనే లేదు. మా ఇంటాయనతో కలిసి వెనక ఎక్కి కూర్చున్నాడు. అరచేతుల నిండా ముళ్ళు.

వాగు దగ్గర నర్సమ్మ బెల్టు ఊడదీసింది. ఆ రోజు తన మెడలో వేసుకోలేదు. ఒక చేత్తో నన్ను పట్టుకుని ఒరిగితే అది జారిపోతుంది కదా. వెనక్కి తిరిగి మామకిచ్చింది. "మెడలో ఏసుకో అప్పా. నీళ్ళల్లో పడిందంటే ఆడనే నిలిచిపోతాం." మామ తల వంచి వేసుకున్నాడు. మా ఊళ్ళో ఆయన మెడకు పూలదండ తప్ప ఇంకోటి తగలడం ఎవరూ చూడలేదు. నంద్యాల చేరేసరికి తెల్ల చొక్కా మీద నల్లటి వలయం పడింది.

బిడ్డ నంద్యాలలో పుట్టింది. ఆడబిడ్డే. ఏడ్చింది. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను. నర్సమ్మ, "నువ్వెందుకు?" అని కసిరి, బయటికి పోయి తనూ కళ్ళు తుడుచుకుందట. మామ చూశాడు. మా కూతురి ఏడుపు ఇప్పటికీ తగ్గలేదని మా అల్లుడు అంటుంటాడు. మొన్న హోటలు ముందర జీపెక్కి కూర్చుంది ఆ పిల్ల కొడుకే.

మేం ఇంటికి వచ్చేసరికి ఆళ్లగడ్డలో ఒక కథ పుట్టి ఉంది. మన బండ్లలో డ్రైవరు కుడిపక్కన కూర్చుంటాడు కదా. ఆ రోజు బస్సులకు నిలబడ్డవాళ్ళు జీపు పోతుంటే చూశారు. కుడిపక్కన నేను. వెనక సీట్లో మెడలో నల్ల దండతో మామ. ఇంకేముంది, నొప్పులు పడుతూ కోడలు జీపు తోలుకుంటూ పోయింది, మామను వెనక కూర్చోబెట్టుకుని. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. మామ ఏమంటాడోనని హడలిపోయాను. సంతలో ఎవరో ఆయన్నే అడిగారట, నిజమేనా అని.

"నిజమే" అన్నాడట మామ. "ఏం, మీ కోడలికి రాదా?"

ఆ తర్వాత మామ కంప మళ్ళీ వేయించలేదు. మరుసటి ఏడు విత్తేటప్పుడు చూశాను. గొర్రు తోలుకుంటూ ఇంటి ఎదుటి తావుకు వచ్చేసరికి, గొర్రును పైకి ఎత్తి పట్టుకుని, జీపు చుట్టు తిరిగేంత మేర దాటి, మళ్ళీ దించాడు. జొన్న మొలిచాక చేనంతా పచ్చగా, రస్తా పక్కన మాత్రం అర్ధచంద్రంలా నల్లటి నేల. నర్సమ్మ ప్రతి వారం వచ్చి దాని మీద తిప్పుకునేది. వాళ్ళిద్దరూ ఆ సంగతి మాట్లాడుకోగా నేను వినలేదు. ఆమె హారను కొట్టేది, ఆయన అరుగు మీద నుంచి చెయ్యి ఎత్తేవాడు. అంతే.

కొన్నేళ్ళకు ఆమెను గుంటూరు వైపు ఎక్కడికో మార్చారు. ఆసుపత్రివాళ్ళు ఆ పాత జీపును అమ్మేశారు. చివరిసారి వచ్చినప్పుడు మా కూతురికి ఒక పలక ఇచ్చి, నాకు "ఇంక కనకు" అని చెప్పి పోయింది. నేను ఆమె మాట వినలేదు, అది వేరే సంగతి. మళ్ళీ ఆమెను చూడలేదు. ఎక్కడ చనిపోయిందో, ఎప్పుడు చనిపోయిందో కూడా తెలియదు. ఆ రోజు ఆమె చేతిని నేను సరిగా పట్టుకోను కూడా లేదు. అది గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

ఆ ఏడు వానలు పడ్డాయి. మామ గొర్రు కట్టాడు. నేను విత్తనాలు తీసుకుని వెనక నడుస్తున్నాను. ఆ తావు వచ్చింది. మామ గొర్రు ఎత్తి పట్టుకున్నాడు.

"నాయనా, ఇంగ జీపు రాదు గదా" అన్నాడు మా ఇంటాయన. "అది గూడా విత్తుదాం."

"ఎప్పుడన్నా వస్తే?"

"వస్తే చూసుకుందాంలే."

"వస్తే యాడ తిప్పుకుంటాదిరా?" అన్నాడు మామ. "ఆయమ్మకు ఎనక్కి పోయేది రాదు."

గొర్రు అట్లే ఎత్తి పట్టుకుని, ఆ చుట్టు మేర దాటి, అవతల దించాడు.